పైన పోయిన బుగ్గ గ్రిల్లులో వెలుగుతోంది

సంపాదకుడు గారికి,

2017 మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధాని సహా ఎవరి కారు మీదా ఎర్రబుగ్గ లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 108ని మార్చాక, ఎరుపు, నీలం, తెలుపు కలిసి మిణికే లైటు అగ్నిమాపక బండ్లకు, శాంతిభద్రతల పనిలో ఉన్న పోలీసు, సైనిక, పారామిలటరీ వాహనాలకు, వరదల్లాంటి విపత్తు పనులకు మాత్రమే మిగిలింది. అంబులెన్సులకు విడిగా అనుమతి ఉంది.

టాపు మీద బుగ్గ పోయింది, బాగానే ఉంది. ఇప్పుడది అనుమతి లేని కార్లలో గ్రిల్లు (కారు ముందుండే జాలీ) వెనక్కి చేరింది. నాలుగు ఎల్ఈడీ పట్టీలు, ఓ కంట్రోలర్ డబ్బా, స్టీరింగు కింద చిన్న స్విచ్చి, అంతే సరంజామా. ఆన్‌లైన్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆపేసి ఉంటే అవి మామూలు తెల్ల పట్టీల్లా కనిపిస్తాయి కాబట్టి తనిఖీలో దొరకవు. పైగా చాలామంది ఫ్యూజు లేకుండా హెడ్‌లైటు వైరుకే కలిపేస్తారు. ఎక్కడైనా షార్టయితే వైరు ఇన్సులేషన్ కరగొచ్చు.

రంగులు ఊరికే పెట్టినవి కావు. పగటి ఎండలో ఎరుపు బాగా కనిపిస్తుంది. చీకట్లో మన కంటికి ఎరుపు మసకబారి నీలం ప్రకాశంగా తోస్తుంది. రాత్రి హైవే మీద బ్రేకు లైట్లన్నీ ఎరుపే, వాటి మధ్య విడిగా తెలిసేది నీలమే. రెండూ కలిస్తే పగలూ రాత్రీ తెలుస్తుంది. ప్రతి మూడో కారూ నీలం మిణికిస్తే వెనక వచ్చే అసలు అంబులెన్సును ఎవరు లెక్కచేస్తారు? దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194ఇ కింద 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శిక్ష అంత ఉన్నప్పుడు, ఏది అసలుదో పోల్చుకునే వీలు డ్రైవరుకు ఉండాలి కదా.

పోలీసు శాఖకూ ఓ మాట. డ్యూటీలో లేనప్పుడు ఈ లైటు వెలగకూడదని నిబంధనే చెబుతోంది. టీ కొట్టు పక్కన ఆగిన పెట్రోలింగ్ బండి గంటల తరబడి మిణుకుతుంటే, అది ఆగిందో, వస్తోందో, తప్పుకోవాలో వెనకవాడికి తెలియదు. డ్యూటీలో బండి ఆపి లైటు వేసి ఉంచక తప్పకపోతే, రాత్రిపూట వెలుగు తగ్గించాలి. టపటపా మెరిసే తెల్ల లైటు (స్ట్రోబు) ఎదుటివారి కళ్లకు చీకట్లు కమ్మేలా చేస్తుంది.

అనుమతి ఉన్న అధికారుల జాబితాను రవాణా శాఖ ఏటా ప్రకటించాలి, ఆ బండ్ల ముందు అద్దం మీద స్టిక్కరు ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఆ జాబితాను తమ వెబ్‌సైట్లలో అందరికీ కనిపించేలా పెట్టాలి. తనిఖీలో టాపు చూసి వదిలేయకుండా, స్టీరింగు కింద స్విచ్చి కూడా వెతకాలి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ