నీ భుజంలో ఏం పెడతారంటే

చిట్టీ,

"ఎముక తీసేశాక ఆ ఖాళీలో ఏం పెడతారు నాన్నా?" అని నిన్న ఫోన్‌లో అడిగావు. పక్కన మీ పెద్దమ్మావాళ్లు ఉండటంతో సరిగ్గా చెప్పలేకపోయాను. డాక్టరుగారు అమ్మకీ నాకూ కాగితం మీద బొమ్మ గీసి చెప్పిందంతా రాస్తున్నా. ఆపరేషన్‌కి సంతకాలు పెట్టేలోపు చదువు. అర్థంకానిది ఆయన్నే అడుగు, మొహమాటపడకు.

క్యాన్సర్ గడ్డ ఉన్నది భుజం కీలుకి కాస్త కింద, చేతి పై ఎముకలో. ఎముక లోపల మూలుగలో కొంతదూరం పాకింది. అందుకే ఎమ్మారైలో అది కనిపించే చోటు దాటి ఇంకొంత మంచి ఎముక కూడా కలిపి, పైన గుండ్రటి తలతో సహా తీసేస్తారు. పరీక్షకి సూదితో ముక్క తీసిన బయాప్సీ మచ్చ కూడా దాంతోపాటే పోతుంది, ఆ సూది దారిలో కణాలు మిగిలుంటాయేమోనని.

ఆ ఖాళీ నింపడానికి దారులు చాలానే ఉన్నాయట. తీసిన ఎముకకే ఒక్కసారిగా 50 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) రేడియేషన్ ఇచ్చి, కణాలన్నీ చచ్చాక తిరిగి ప్లేట్లతో బిగిస్తారట. కాకపోతే అతుక్కోవడానికి చాలా కాలం పడుతుంది, మధ్యలో విరగొచ్చు, కీలు తల కుంగిపోవచ్చు. ఇంకోటి కాలి పక్క సన్నెముకని రక్తనాళంతో సహా తెచ్చి చేతిలో పెట్టడం. చిన్నపిల్లల్లో అయితే, ఎదిగే చివరతో సహా పెడితే, అది పిల్లతోపాటు పెరగొచ్చు కూడా. నాకు భలే ఆశ్చర్యమేసింది! కానీ నీకు పదహారు దాటాయి, ఎదుగుదల దాదాపు అయిపోయింది, మళ్లీ కాలికి కోత ఎందుకన్నారు. అందుకే నీకు మెటల్ ఎముక. దాని కాడని మిగిలిన ఎముక గొట్టంలోకి దించి సిమెంటుతో బిగిస్తారు. పైన వలలాంటి గుడ్డ తొడిగి, కండల్ని దానికి కుట్టేస్తారు. లేకపోతే కీలు జారిపోతుందట.

ఇక నువ్వు అడగకుండా దాటేసిన సంగతి. చేయి పైకి ఎత్తించే నరం ఆ ఎముక మెడ చుట్టూ తిరుగుతుంది. గడ్డ దాన్ని తాకి ఉంటే నరమూ తీసేయాల్సిందే, అది లోపల చూశాకే తేలుతుంది. మిగిలినా కూడా చేయి తల దాకా లేస్తుందని ఆయన చెప్పలేదు, నేనూ చెప్పను. వాలీబాల్ సర్వీసు ఇక కుదరదు. జుట్టు మళ్లీ వచ్చాక జడ వేసుకోవడం కష్టమే, అమ్మ వేస్తుంది. మోచేయి, మణికట్టు, వేళ్లు మాత్రం పనిచేయాలి. రాసుకోవచ్చు, అన్నం కలుపుకోవచ్చు. మొదట్లో మణికట్టు వాలినట్టుంటే కంగారుపడకు, ఎముక వెనక నుంచి వెళ్లే ఇంకో నరం ఒత్తిడికి అలా అవుతుందట, చాలామందికి మెల్లగా సర్దుకుంటుందట. ఒకప్పుడు ఈ జబ్బుకి ఎక్కువగా చేయే తీసేసేవారని చెప్పాక ఆయన కాసేపు ఆగారు. అమ్మ కళ్లు తుడుచుకుంది.

తీసిన ఎముకని ల్యాబ్‌కి పంపుతారు. ఇప్పటిదాకా ఇచ్చిన కీమోకి గడ్డలో కణాలు 90 శాతానికి పైగా చచ్చిపోయి ఉంటే మంచి గుర్తట. ఆ రిపోర్టు గురించే నా టెన్షనంతా, చేయి గురించి కాదు. గాయం మానగానే మిగతా కీమో మొదలుపెడతారు. మెటల్ కాబట్టి ఎన్నేళ్లయినా ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. భుజం ఎర్రబడినా, జ్వరం తగిలినా దాచకూడదు. నీకు దాచే అలవాటుంది, అందుకే రాస్తున్నా.

నాయనమ్మ ఇంకా పుత్తూరు కట్టు కట్టిస్తే పోయేదంటోంది. విరిగిన ఎముక సంగతి వేరు, ఇది ఎముకలో పుట్టిన గడ్డ. ఆమెతో వాదించడం మానేశాను, నువ్వూ విని ఊరుకో.

డబ్బు సంగతి నువ్వు ఆలోచించొద్దు.

కొన్ని వారాలు చేయి స్లింగ్‌లోనే ఉంటుంది కనుక తల మీంచి వేసుకునే బట్టలు పనికిరావు. తమ్ముడి చొక్కాలు, ముందు గుండీలవి, సర్దాను. నీకు పొట్టే అవుతాయి, నవ్వుకోకు. వేళ్లతో పిసకడానికి మెత్తటి బంతి కూడా పెట్టాను, ఆపరేషన్ మర్నాటి నుంచే వేళ్లు ఆడించాలన్నారు. ఆదివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా. నోటి పుండ్లు తగ్గాయో లేదో అమ్మతో ఫోన్ చేయించు, దాన్నిబట్టి పచ్చడి తెస్తాను.

నాన్న