మా వీధి సంగతి చెప్పే ఛానల్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచేస్తున్నాయని పటమటలో ఉన్న మాకు అక్క ఫోన్ చేస్తేనే తెలిసింది. అప్పటికే వాళ్లింట్లో మోకాలి లోతు నీళ్లు. వెంటనే టీవీ పెట్టాం. పెద్ద ఛానళ్లన్నీ వరదే చూపిస్తున్నాయి. కానీ అక్క వాళ్ల వీధికి పడవ వెళ్లిందా, పాలు, మంచినీళ్లు ఎక్కడిస్తున్నారు అన్న కబురు ఎందులోనూ లేదు. ఊరి సంగతులు చెప్పాల్సిన లోకల్ ఛానల్ పెడితే సినిమా పాటలు, నగల ప్రకటనలు. ఆ రెండు రోజుల టెన్షన్ నేను మర్చిపోలేను.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1990లలో మా పేటలో కేబుల్ వచ్చిన కొత్తలో డాబా మీద డిష్, కింద ఒక చిన్న గది, అందులో వీసీఆర్. రోజూ రెండు సినిమాలు వేసేవారు. కొన్నాళ్లకు సాయంత్రం లోకల్ వార్తలు మొదలయ్యాయి. వెనకాల పరదా కట్టి, బల్ల ముందు కూర్చుని మన పక్క వీధి అమ్మాయే చదివేది. రేపు ఫలానా పేటలో నీళ్లు రావు, బస్టాండ్ దగ్గర పాప దొరికింది, ఫలానా వారు కాలం చేశారు అని తెర కింద స్క్రోలింగ్ వచ్చేది. దసరాకు ఇంద్రకీలాద్రి ఎక్కలేని మా అమ్మ అందులోనే అమ్మవారిని చూసి దండం పెట్టుకునేది.

తర్వాత సెట్ టాప్ బాక్సులు వచ్చాయి. సిగ్నల్ అంతా పెద్ద కేబుల్ సంస్థ కంట్రోల్ రూమ్ నుంచి లాక్ అయి వస్తుంది కాబట్టి, పేటలో ఉన్న ఆపరేటర్ మధ్యలో తన ఛానల్ కలపలేడు. ఆ పెద్ద సంస్థకు అన్ని ఊళ్లూ ఒక్కటే. పాయకాపురంలో పైపు పగిలితే వాళ్లకేం పట్టింది?

అలాగని దారి లేకపోలేదు. కేబుల్ సంస్థలు సొంతంగా నడిపే ఛానళ్లకు కేంద్రం 2022 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఛానల్‌కు రిజిస్ట్రేషన్ రుసుము వెయ్యి రూపాయలే. లోకల్ వార్తలు ఇవ్వాలంటే మాత్రం ఆ సంస్థ కంపెనీగా నమోదై ఉండాలి. నగరంలో కేబుల్ నడిపే ప్రతి సంస్థా ఒక్కో ఛానల్‌ను పూర్తిగా విజయవాడకు కేటాయించాలి. నగరపాలక సంస్థ కౌన్సిల్ సమావేశాలు అందులో లైవ్ ఇవ్వాలి. వరద రోజుల్లో అధికారుల వరద కంట్రోల్ రూమ్ నుంచి ఒక ఉద్యోగి గంటగంటకూ వచ్చి పేట పేరు, వీధి పేరు చెప్పి మాట్లాడాలి. కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు అంటే నది ఒడ్డున రాణిగారితోటలో ఉన్న ముసలావిడకు ఏం అర్థమవుతుంది? నీళ్లు తన గుమ్మం దాకా వస్తాయా, సామాను సర్దుకోవాలా, ఎటు వెళ్లాలి అన్నది ఆమెకు కావాలి.

మునిగిన ఇంట్లో కరెంటు ఉండదు, టీవీ రాదు, నిజమే. కానీ నీళ్లు రాకముందు కరెంటు ఉంది. ఆ కాస్త సమయంలో ఒక్క స్క్రోలింగ్ వచ్చినా అక్క వాళ్లు పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసేవాళ్లు. దీనికోసం నెలకు ఇంకో పది రూపాయలు ఎక్కువ కట్టమన్నా మా అపార్ట్‌మెంట్‌లో అందరం కడతాం. వచ్చే వర్షాకాలం లోపే అధికారులు, కేబుల్ ఆపరేటర్లు కూర్చుని ఇది తేల్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ