రిపోర్టు వచ్చేలోపే మందు ఎక్కిస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను 30 ఏళ్లు అచ్చుకూటంలో సీసపు అక్షరాలు పేర్చినవాడిని. కంప్యూటర్లు వచ్చాక కొన్నాళ్లు ప్రూఫులు దిద్దాను. అచ్చుతప్పు కనబడితే ఇప్పటికీ చెయ్యి ఎర్ర కలం కోసం తడుముకుంటుంది. అలాంటి నాకు, తప్పులు ఎక్కువ ఉంటేనే మేలని చెప్పే కాగితం ఒకటి ఈ మధ్య చేతికి వచ్చింది.

అది మా అన్నయ్య రక్తపరీక్ష రిపోర్టు. అన్నయ్యకు దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా. పేరులో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్నా, ఇది బి కణాల లింఫోమాల కుటుంబంలోనిదే. బి కణాలంటే క్రిములను పట్టే యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు, లింఫోమా అంటే అలాంటి కణాల్లో పుట్టే క్యాన్సర్. నగరంలోని ఒక ఆసుపత్రిలో రక్తం తీసి, ఊదారంగు మూత ఉన్న గొట్టాన్ని థర్మాకోల్ పెట్టెలో ఐసు ప్యాకుల మధ్య సర్ది, చుట్టూ టేపు వేసి, కొరియర్‌లో వేరే రాష్ట్రానికి పంపారు. పంపింది శుక్రవారం సాయంత్రం. సోమవారం దాకా పెట్టె ఎక్కడుందో చెప్పినవారు లేరు. నాలుగో రోజున ఫోను: నమూనా చెడిపోయింది, మళ్లీ రక్తం ఇవ్వండి అని. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఈ పరీక్ష వస్తుందా అని అడిగితే కౌంటరులో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మా చేతి డబ్బే పెట్టుకున్నాం. రిపోర్టు వచ్చేసరికి మొదటి విడత కీమో అయిపోయింది. ఇందులో డాక్టరు గారిని తప్పుపట్టను. మెడలో గ్రంథులు నిమ్మకాయలంత అయి, హిమోగ్లోబిన్ పడిపోతున్న మనిషిని పెట్టుకుని ఆయన మాత్రం ఎన్నాళ్లు ఆగుతారు?

ఇంతకీ ఆ పరీక్ష ఏమిటంటే, క్యాన్సర్ కణంలోని యాంటీబాడీ జన్యువును అక్షరం అక్షరం చదవడం. బి కణం ఈ జన్యువును సిద్ధంగా తెచ్చుకోదు, ముక్కలు ఏరి పేర్చుకుంటుంది. యాంటీబాడీలో ఉండే రెండు రకాల గొలుసుల్లో పెద్దదానికి వి, డి, జె అని మూడు అరలు. పనికొచ్చే ముక్కలు వి అరలో సుమారు 40, డి అరలో 20 పైచిలుకు, జె అరలో 6. ఒక్కో అరలోంచి ఒక్కో ముక్క. యాంటీబాడీ జన్యువులు ఇలా చోటు మారి కూడుకుంటాయని 1976లో చూపించిన సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. టైపు కేసు (సీసపు అక్షరాల అరల పెట్టె) ముందు జీవితం గడిపినవాడికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆ తరువాత గ్రంథుల్లో, క్రిములతో పోరాటంలో రాటుదేలుతున్నప్పుడు, పేర్చిన ఆ పాఠంలో అక్కడక్కడ అక్షరాలు మారతాయి. దారితప్పిన కణం తన దగ్గరున్న పాఠాన్నే తన సంతానానికంతటికీ పంచుతుంది.

ల్యాబులో ఆ వి ముక్కను, సుమారు 300 అక్షరాలను, మూలప్రతి పక్కన పెట్టి చూస్తారు. నూటికి 98, లేదా అంతకు మించి సరిపోతే ‘మార్పు లేనిది’ అంటారు. అంతకు తగ్గితే ‘మార్పు చెందినది’. అంటే ఆరేడు అచ్చుతప్పుల దగ్గర మనిషి జాతకం తిరిగిపోతుందన్నమాట. 1999లో ఇంగ్లండులో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం ఈ సంగతి విడివిడిగా బయటపెట్టాయి. తొలిదశ రోగుల్లో మార్పు లేనివారి మధ్యస్థ ఆయువు (జబ్బు బయటపడ్డాక సగం మంది దాటిన కాలం) 95 నెలలు, మార్పు ఉన్నవారిది 293 నెలలు అని ఇంగ్లండు బృందం లెక్కకట్టింది. అవి పాత మందుల కాలపు అంకెలు, నిజమే. కానీ ఏ మందు ఎవరికి అన్న ప్రశ్న దగ్గర ఆ తేడా ఇంకా బతికే ఉంది. మార్పు ఉన్నవారిలో కొందరికి కీమో కలిపిన చికిత్సతో పదేళ్లు దాటినా జబ్బు తిరగబెట్టదు. మార్పు లేనివారికి త్వరగా తిరగబెడుతుంది, రోజూ వేసుకునే కొత్తరకం మాత్రలే వారికి మేలు. (మార్పులున్నా మొండికేసే రకం ఒకటుంది, వి 3-21 ముక్కతో వచ్చేది. ఏ వ్యాకరణానికైనా అపవాదం తప్పదు కదా.) చికిత్స మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష చేయాలని అంతర్జాతీయ నిపుణుల 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా ఇది జన్మకు ఒక్కసారి చేస్తే చాలు, ఫలితం మారదు.

అన్నయ్య పాఠంలో తప్పులు రెండే. ప్రూఫు నా బల్ల మీదికి వచ్చి ఉంటే శభాష్ అని సంతకం పెట్టి పంపేవాడిని.

ఈ జబ్బు మన దేశంలో పాశ్చాత్య దేశాలంత ఎక్కువ కాదు, ఇంత కొద్దిమందికి ల్యాబు ఎందుకు అనవచ్చు. ల్యాబు ఈ ఒక్క జబ్బుకే కాదు. మెడలో గ్రంథి ఉబ్బితే ముందు క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగించడం మన దగ్గర కొత్తేమీ కాదు. బయాప్సీ ముక్క చూసి కూడా తేల్చలేనప్పుడు, అందులోని బి కణాలన్నీ ఒకే పేర్పుతో ఉన్నాయా, రకరకాల పేర్పులతో ఉన్నాయా అని చూస్తారు. అన్నింటిలో ఒకే పాఠం కనబడితే లింఫోమా వైపు అనుమానం బలపడుతుంది. పిల్లల్లో వచ్చే బి కణాల లుకేమియాలో చికిత్స తరువాత జబ్బు ఆనవాలు మిగిలిందా అని వెతకడానికీ ఈ పేర్పే గుర్తు.

పలాస పాసింజరు, రాయగడ పాసింజరు దిగి కేస్ షీట్ల సంచులతో వచ్చేవారికి విశాఖే పెద్ద దిక్కు. ఇక్కడ నూరేళ్లు దాటిన ఆంధ్ర వైద్య కళాశాల ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, వైద్య పరికరాల కోసమే కట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది. కరోనా కాలంలో ప్రభుత్వ ల్యాబుల్లోకి పీసీఆర్ యంత్రాలు వచ్చాయి, వాటిని నడిపే చేతులూ తయారయ్యాయి. వాటికి జన్యువును చదివే యంత్రం ఒకటి, ఫలితాన్ని విప్పిచెప్పగల నిపుణులు ఇద్దరు ముగ్గురు తోడైతే ఉత్తరాంధ్ర ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటికీ కలిపి ఒక ఉమ్మడి ల్యాబు నడపవచ్చు. అది ఎవరి గొడుగు కింద ఉండాలో పెద్దలు తేల్చుకోవచ్చు. ఆరోగ్య పథకంలో మాత్రం ఈ పరీక్ష ఖర్చును కీమో ప్యాకేజీకి ముందు మెట్టుగా చేర్చాలి. ఆ తరువాతే మందుకు అనుమతి అడగాలి.

అన్నయ్యకు రెండో విడత ఎక్కించడం ఆపారు. మాత్రలకు మారుద్దామని డాక్టరు గారు అన్నారు. నెలకు ఎంతవుతుందో కనుక్కోవడానికి రేపు మళ్లీ అదే కౌంటరుకు వెళ్లాలి.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్,
కంచరపాలెం, విశాఖపట్నం