పాత కోర్టు కట్టలు తూకానికి వేయకండి

ఎడిటర్ గారికి,

నేను కోర్టుల్లో 31 ఏళ్ళు పనిచేసి, బెంచ్ క్లర్క్‌గా రిటైరయ్యాను. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. ఈ మధ్య చార్లెస్ పీస్ అనే ఇంగ్లీషు దొంగ జీవితం తెలుగులో రాసి, పింఛను డబ్బుతో 500 కాపీలు అచ్చేయించుకున్నాను. అంతకుముందు విజయవాడలో ఒక ప్రచురణకర్త దగ్గరికి వెళ్తే, "దొంగ పుస్తకం ఎవరు కొంటారండీ? పోనీ మన దొంగా అంటే అదీ కాదాయె" అన్నాడు. మొదటి మాటకు బాధపడలేదు. రెండోది మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పీస్ 1832లో షెఫీల్డ్‌లో పుట్టాడు. ఇరుగుపొరుగుకి ఫిడేలు వాయించే పెద్దమనిషి, రాత్రయితే కన్నాలు. 1876 ఆగస్టులో మాంచెస్టర్ శివార్లలో నికొలస్ కాక్ అనే కానిస్టేబుల్‌ని కాల్చి చంపాడు. దొరికింది మాత్రం విలియం హాబ్రన్ అనే ఐర్లండ్ కుర్రాడు, మొక్కల నర్సరీలో పనివాడు. అక్కడున్న బూటు గుర్తు వాడి బూటుతో సరిపోయిందన్నారు. ఉరిశిక్ష పడింది, తర్వాత యావజ్జీవంగా మార్చారు. ఆ విచారణను జనంలో కూర్చుని చూశానని పీసే తర్వాత చెప్పాడు. అది ముగిసిన మర్నాడే షెఫీల్డ్‌లో ఆర్థర్ డైసన్ అనే ఆయన్ని చంపాడు. 1879 ఫిబ్రవరి 25న లీడ్స్‌లో వాణ్ణి ఉరితీశారు. కాక్‌ని చంపింది తానేనని అంతకుముందే ఒప్పుకున్నాడు కాబట్టి హాబ్రన్ బయటపడ్డాడు. చేతిలో 800 పౌండ్లు పెట్టి పంపారు. నా పుస్తకంలో సగం ఈ కుర్రాడే. బోనులో అలాంటి ముఖాలు చూసినవాణ్ణి మరి.

ఇదంతా గుంటూరులో కూర్చుని ఎలా రాశావని అడుగుతారు. డైసన్ హత్య కేసు విచారణకు రాకముందే, 1878 అక్టోబరులో లండన్‌లోని బ్లాక్‌హీత్‌లో దొంగతనానికి వెళ్ళి పట్టుబడి, జాన్ వార్డ్ అనే దొంగపేరుతో పీస్ అక్కడి ఓల్డ్ బెయిలీ కోర్టులో నిలబడ్డాడు. అర్ధరాత్రి దాటాక ఓ ఇంట్లో వెలుగు కదలడం చూసి అక్కడికి వెళ్ళి, చేతిలో గుండు దిగినా వాణ్ణి వదలని రాబిన్సన్ అనే కానిస్టేబుల్ చెప్పిన సాక్ష్యం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ కోర్టులో 1674 నుంచి 1913 దాకా జరిగిన 1,97,000 పైచిలుకు విచారణలు అలాగే పెట్టారు. మా మనవరాలు ప్రింటు తీసిచ్చింది. చదువుతుంటే అలవాటు కొద్దీ మార్జిన్‌లో పెన్సిల్ గీతలు పడిపోయాయి.

హాబ్రన్ బోనెక్కిన 1876లోనే మనకు ధాత కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో గింజల కోసం దొంగతనాలు, దోపిడీలు పెరిగాయి. అప్పటి గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. జిల్లా కచేరీ బందరులో. అలా జైలుకు పోయిన మనవాడు ఒక్కడైనా కోర్టులో ఏమన్నాడో వెతుకుదామని తిరిగాను. ఒకచోట ఖాళీ ర్యాకులు చూపించారు. ఇంకోచోట "ఏ యూనివర్సిటీ తరఫున వచ్చారు?" అన్నారు. ఏదీ కాదంటే కుర్చీ కూడా వేయలేదు.

ఇందులో నా పాపమూ ఉంది. సర్వీసులో ఉండగా ఒక కోర్టు రికార్డు రూములో తీసేయాల్సిన కట్టల లిస్టు నా చేత్తోనే రాశాను. రూలు ప్రకారమే రాశాను. ఎర్రగుడ్డ మూటలు, సగం చెద తిన్నవి. ఒకటి విప్పితే 1880ల నాటి కాగితం మడత దగ్గర అప్పడంలా విరిగింది. అక్షరాలు విడదీయకుండా కలిపి రాసే గొలుసుకట్టు రాత. కింద సంతకం రానివాడు వేసిన నిశానీ, చిన్న నాగలి బొమ్మ. గీసేటప్పుడు చెయ్యి వణికినట్టుంది, మేడి రెండుసార్లు పడింది. ఆ కేసేమిటో చదవలేదు. బయట లారీవాడు తొందరపెడుతున్నాడు. మళ్ళీ కట్టి తూకానికి వేశాం.

కాబట్టి హైకోర్టు వారికీ, రాష్ట్ర ఆర్కైవ్స్ వారికీ నా విన్నపం ఒక్కటే. 1947కి ముందు కాగితం ఏదైనా సరే, తీసేసే ముందు ఫొటో తీయించండి. పెద్ద మిషన్లు అక్కర్లేదు, హిస్టరీ చదివే పిల్లల చేతిలో సెల్‌ఫోన్లు చాలు. గొలుసుకట్టు చదివేవాళ్ళు లేరంటారేమో, నాకు వచ్చు. జీతం వద్దు. పొద్దున పదింటికల్లా వస్తాను, మధ్యాహ్నం టీ ఒక్కటి ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బెంచ్ క్లర్క్,
బ్రాడీపేట, గుంటూరు