ప్రీ వెడ్డింగ్ షూట్: కెమెరా బయటికి తీయకముందే చూసుకోవాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లికి ముందు ఫొటో షూట్లు అవసరమా అనే వాదన పాఠకుల లేఖల్లో తరచూ కనిపిస్తోంది. అది ఆ రెండు కుటుంబాలూ తేల్చుకోవాల్సిన విషయం. తాంబూలాలు పుచ్చుకున్నాక ఎలాగూ ఫొటోలు తీయించుకుందామనుకున్న జంటల కోసమే ఈ ఉత్తరం. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరినడిగినా ఒకటే చెబుతారు: షూట్ చెడేది కెమెరా దగ్గర కాదు, దానికి ముందు పదిహేను రోజుల్లో. లొకేషన్‌కీ, గౌనుకీ, డ్రోన్‌కీ వేలకు వేలు పోస్తున్నారు. పైసా ఖర్చు లేని సన్నాహాన్ని మాత్రం వదిలేస్తున్నారు.

ముందుగా నెల సంగతి. ఫొటోలకు ముహూర్తం అక్కర్లేదు. మాఘంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ధనుర్మాసమే మంచి అదను. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా పెళ్లిళ్లుండవు కాబట్టి ఫొటోగ్రాఫర్లు, మేకప్ చేసేవాళ్లు ఖాళీగా దొరుకుతారు, రేటు మాట్లాడుకునే వీలుంటుంది. ఆ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు గనుక ఉదయం తొమ్మిదిన్నర వరకూ ముఖం మీద వెలుగు మెత్తగానే పడుతుంది. అదే మే నెలలో అయితే ఏడున్నరకల్లా ఎండ నెత్తిమీదికి ఎక్కడం మొదలుపెడుతుంది. కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. వాటిని ఏ ఎడిటింగూ శుభ్రంగా తీయలేదు.

రోజూ మీ పత్రికలో పంచాంగం దగ్గర సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు వేస్తున్నారు. షూట్ టైం వాటిని బట్టి పెట్టుకోవాలి, ఫొటోగ్రాఫర్ ఎప్పుడు వస్తానంటే అప్పుడు కాదు. విశాఖలో హైదరాబాద్ కన్నా సుమారు 20 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. జనవరి మధ్యలో విశాఖలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అనుకుందాం. ఆరుంబావుకల్లా ఇసుక మీద నిలబడాలి. ప్రయాణానికి అరగంట, చీర కట్టడానికి అరగంట, మేకప్‌కీ జుట్టుకీ గంటన్నర. వెనక్కి లెక్కేస్తే తెల్లవారుజామున మూడుముప్పావుకి మేకప్ మొదలవ్వాలి. ఈ లెక్క వేసుకోకపోవడం వల్లే ఎక్కువ షూట్లు పాడవుతున్నాయి. మేకప్ గంట ఆలస్యమైతే పోయేది ఒక గంట కాదు, ఆ రోజుకున్న మంచి వెలుగంతా. అంత పొద్దున్నే లేవలేం అనుకుంటే సాయంత్రం పెట్టుకోండి. సూర్యాస్తమయానికి రెండున్నర గంటల ముందు సిద్ధంగా ఉండండి. అయితే మన కోస్తాలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడే గాని సముద్రంలోకి దిగడు. నీళ్లలోకి సూర్యుడు దిగుతున్న ఫొటోలు గోవావి చూపించి రామకృష్ణా బీచ్‌లోనో సూర్యలంకలోనో అలాగే కావాలంటే కుదరదు.

ఒంటి సంగతికొస్తే, ఏ కొత్త పనీ షూట్‌కి ముందు రోజు చేయించుకోవద్దు. ఫేషియల్, బ్లీచ్ వారం ముందే అయిపోవాలి. థ్రెడింగ్, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందు. ఆ ఎరుపు, చిన్న చిన్న పొక్కులు తగ్గడానికి ఆ మాత్రం సమయం కావాలి. అబ్బాయి క్షవరం వారం ముందు చేయించుకుంటే మెడ దగ్గర కొత్త గీత కనిపించదు. గడ్డం మాత్రం ముందు రోజు సరిచేసుకోవచ్చు. గోరింటాకు పెట్టిన గంటకే రంగు చూసి కంగారు పడకండి. నారింజ రంగు ముదిరి ఎర్రబడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కాబట్టి రెండు రోజుల ముందు పెట్టుకోవాలి. గంటలోనే నల్లగా పండుతుందని అమ్మే కోన్ల జోలికి వెళ్లొద్దు. వాటిలో జుట్టుకు వేసే రంగులోని రసాయనం కలుపుతారు, చేతులు బొబ్బలెక్కే ప్రమాదముంది.

సన్‌స్క్రీన్ రాసుకోవడం మంచిదే. అయితే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న రకాలు ఫ్లాష్ పడితే వెలుగును వెనక్కి కొట్టి ముఖాన్ని బూడిద పూసినట్టు చూపిస్తాయి. సాయంత్రం చీకటిపడ్డాక ఫ్లాష్‌తో తీసే ఫొటోలుంటే ఈ సంగతి మేకప్ చేసేవాళ్లకు ముందే చెప్పాలి. ఫౌండేషన్ రంగు ముఖానికి కాదు, మెడకు సరిపోవాలి. చేతులకూ రాయాలి. లేకపోతే ఉంగరం కోసం చెంప దగ్గర చెయ్యి పెట్టిన ఫొటోలో ముఖం ఒకరిది, చెయ్యి ఇంకొకరిది అనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఎండలో నల్లబడే అద్దాలు తెచ్చుకోవద్దు, అన్ని ఫొటోల్లోనూ కూలింగ్ గ్లాసులు పెట్టుకున్నట్టు పడతారు. మామూలు అద్దాల జోడు ఉండాలి. కుదిరితే అద్దాలు తీసేసిన పాత ఫ్రేమ్ ఇంకా మంచిది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. చామనఛాయ అమ్మాయిని ఎడిటింగ్‌లో తెల్లగా చేయమని అడిగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, అడగకుండానే చేసేసే స్టూడియోలూ ఉన్నాయి. దయచేసి ఒప్పుకోవద్దు. ముఖం తెల్లబడితే పెదవుల రంగు, బొట్టు, చీర రంగు అన్నీ పాలిపోతాయి. అన్నిటికన్నా ముందు ఆ ఫొటోలో ఉన్నది ఆ అమ్మాయి కాకుండా పోతుంది. ‘చర్మం రంగు మార్చవద్దు’ అని ఒప్పందంలోనే రాయించండి.

బట్టల దగ్గర జరిగే పొరపాట్లు చాలా ఉన్నాయి. మూడు గంటల షూట్‌కి రెండు జతలు చాలు. ఒక్కో మార్పుకీ ముప్పావు గంట పోతుంది. నాలుగు జతలు పెట్టుకుంటే ముప్పావు వంతు సమయం బట్టలు మార్చుకోవడానికే సరిపోతుంది. పట్టుచీర మీది జరీ నేరుగా ఎండ పడితే ఫొటోలో తెల్లటి మచ్చలా మెరిసిపోయి నేత పని కనిపించదు. దానికి చెట్టు నీడో, వరండానో కావాలి. అందుకే వదిలిన జుట్టుతో తేలికపాటి బట్టలు తొలి ఎండలో ముగించి, జడ వేసి, పూలు పెట్టి, పట్టుచీరతో ఎనిమిది దాటాక నీడలోకి మారడం మంచి వరస. జడ ముందు వేస్తే విప్పాక జుట్టు మెలికలు పడి ఉంటుంది. మల్లెలు అప్పటిదాకా తడిగుడ్డలో చుట్టి ఉంచండి.

కొత్త చీరను మడత విప్పి తిన్నగా కట్టేస్తే మడత గీతలన్నీ ఫొటోలో కనిపిస్తాయి. రెండు రోజుల ముందే ఇస్త్రీ చేయించి హ్యాంగర్‌కి తగిలించాలి. ఫాల్, పీకో అయ్యాయో లేదో చూసుకోవాలి. పిన్నీసులు ఇరవై తీసుకెళ్లండి, పదైనా వాడాల్సొస్తుంది. అబ్బాయి సన్నటి గళ్ల చొక్కా, దగ్గర దగ్గర గీతల చొక్కా వేసుకుంటే వీడియోలో బట్ట మీద రంగు అలలు కదులుతున్నట్టు కనిపిస్తాయి. నేతలోని గీతలూ కెమెరా సెన్సర్‌లోని గడులూ ఒకదాన్నొకటి ఢీకొనడం వల్ల అలా జరుగుతుంది. పోచంపల్లిలా పెద్ద పెద్ద డిజైన్లకు ఈ బాధ లేదు. పంచె పాలతెలుపు కన్నా గోధుమ వన్నెదైతే అంచు మడతలు ఫొటోలో బాగా కనిపిస్తాయి. అమ్మాయికి బూడిదరంగు జాకెట్టు వద్దు, చెమట మరక అన్ని రంగుల కన్నా దాని మీదే ఎక్కువ కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే రంగు వేసుకోవాలనే పట్టుదల కూడా మానండి. దగ్గరగా నిలబడితే ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియదు. ఒకరి చీర అంచు రంగు ఇంకొకరి చొక్కాకి వస్తే చాలు.

అద్దెకు తెచ్చే పొడవాటి తోక గౌన్ల గురించి ఒక్క మాట. వాటిని ఎగరేయడానికి మనిషి కావాలి, నేల పొడిగా ఉండాలి. పల్లేరుకాయలున్న చోట ఆ నెట్ బట్ట చిరిగితే డిపాజిట్ తిరిగి రాదు.

కోనసీమ కొబ్బరితోటలు, వరిచేలు ఎంత అందంగా ఉన్నా ఆకుల మీద పడిన వెలుగు ముఖానికి పచ్చదనం అంటిస్తుంది. తోట నడిమధ్యన కాకుండా అంచున, పైన ఆకాశం కనిపించే చోట నిలబడి ఛాతీ ఎత్తులో ఒక తెల్ల అట్ట పట్టుకుంటే అది సర్దుకుంటుంది. పొద్దుతిరుగుడు చేలో పూర్తిగా విచ్చిన పూలు తూర్పుకే నిలిచిపోతాయి, సాయంత్రం వెళ్తే వాటి వీపులే కనిపిస్తాయి. ఏ చేలోనైనా రైతును అడగకుండా దిగకండి. ఒక ఫొటో కోసం తొక్కేసిన ప్రతి మొక్కా ఆయన పంటే. గట్టు మీద నిలబడి, కెమెరా కిందికి దించితే చేను మధ్యలో ఉన్నట్టే వస్తుంది.

గండికోట, గోల్కొండ లాంటివి పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాలు. చేతి కెమెరాతో తీసుకోవడం వేరు, ట్రైపాడ్లూ లైట్లూ పెట్టి వీడియో తీయడం వేరు. రెండోదానికి ముందే అనుమతి ఉండాలి. గండికోట లోయ అంచున రాళ్ల దగ్గర కంచె ఉండదు. వెనక్కి నడుస్తూ పోజు పెట్టించే ఫొటోగ్రాఫర్ అక్కడ పనికిరాడు. బట్టలు మార్చుకునే చోటూ దొరకదు. కారులో అవస్థ పడేకన్నా దగ్గర్లోని పర్యాటక శాఖ హోటల్లో ఒక గది తీసుకోండి. డ్రోన్ వాడితే అది నమోదైందో లేదో, నడిపేవారికి పైలట్ సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసేవాళ్లకు ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. రైలు పట్టాల మీద ఫొటోలు అసలే వద్దు. అది 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, పైగా మలుపులో వచ్చే రైలు చప్పుడు వినబడేసరికే ఆలస్యమైపోతుంది.

నీళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లు కూడా కదలలేరు. మోకాలు దాటి దిగకండి. కెరటానికి వీపు పెట్టి నిలబడకండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరే ముందు చూసుకోవచ్చు. ఇంకో చిన్న సంగతి: చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోతుంది. ఉంగరాల దగ్గరి ఫొటోలు ఒడ్డునే ముందుగా తీయించుకుని, ఆ తర్వాత వాటిని తీసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఏసీ కారులోంచి సముద్రగాలిలోకి తీసిన లెన్సుకు ఆవిరి పడుతుంది. అది పోవడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, కాబట్టి కెమెరా బ్యాగును ముందే బయట పెట్టాలి.

పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో ఇద్దరికీ పెద్దగా చనువుండదు. ఫొటోగ్రాఫర్ వచ్చీ రాగానే ‘దగ్గరికి రండి, నడుం మీద చెయ్యి వేయండి’ అంటే ఇద్దరూ బిగుసుకుపోతారు. ఏ పోజులు ఇష్టమో, ఏవి వద్దో ఇద్దరూ ముందే ఫోన్‌లో మాట్లాడుకోవాలి. అమ్మాయి ఒక్కటి వద్దంటే అది వద్దనే. ఆ మాట ఫొటోగ్రాఫర్‌కి చెప్పాల్సింది అబ్బాయే. మొదటి అరగంట నడవడం, టీ తాగడం, పూలు సర్దడం లాంటి పనులు చేస్తుంటే తీయమనండి. చేతులకు పని దొరికితే ముఖం దానంతటదే వదులవుతుంది. నిలబడ్డప్పుడు బరువు ఒక కాలి మీద వేయండి. అమ్మానాన్నలు తోడు రావడం మంచిదే. వాళ్లు ఫ్రేములో కనబడేంత దగ్గర కాకుండా, పిలిస్తే పలికేంత దూరంలో ఉంటే చాలు. ఖర్చు అమ్మాయివాళ్లే పెట్టుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. చెరిసగం పంచుకోండి.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. ఎన్ని గంటలు, ఎడిట్ చేసిన ఫొటోలు ఎన్ని, ఎన్నాళ్లకిస్తారు, వాన పడితే మరో తేదీ ఇస్తారా, ప్రవేశ రుసుములు ఎవరివి అన్నవన్నీ రాయాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద తొలి హక్కు తీయించుకున్నవారిదే, వేరే ఒప్పందం లేనంత వరకు. స్టూడియో ఇచ్చే కాగితంలో ఆ వేరే ఒప్పందమే ఒక్కోసారి చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివి సంతకం పెట్టండి. మీ ఫొటోలను వాళ్ల ప్రచారానికి వాడుకోవచ్చా, ఒకవేళ సంబంధం తప్పిపోతే తీసేస్తారా అన్నది ముందే తేలాలి. ఈ మాట ఎత్తడం అశుభమనుకుని ఊరుకుంటే తర్వాత ఇబ్బంది పడేది ఎక్కువగా అమ్మాయే.

చివరగా ఫ్లెక్సీ సంగతి. మండపం ముందు పెట్టే ఆరడుగుల ఫ్లెక్సీ కోసం పేర్లు రాయడానికి ఒక పక్క ఖాళీ ఉన్న అడ్డం ఫొటో ఒకటి, ఫోన్‌లో పంపే ఆహ్వానానికి నిలువు ఫొటో ఒకటి తీయమని ముందే చెప్పండి. ఆరడుగుల వెడల్పుకి అంగుళానికి 72 చుక్కలు కావాలంటే ఫొటో వెడల్పు 5184 చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఉండాలి. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే దాదాపు 1600కి కుదించుకుపోతుంది, అంటే అంగుళానికి 22 చుక్కలే. ఫ్లెక్సీ మీద ముఖాలు మసకబారడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, ప్రింటింగ్ షాపు కాదు. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఇవ్వండి.

ఇట్లు,
ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్,
విజయవాడ