ఆ ఒక్క లైన్ తెలుగులో రాయించండి

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 67 ఏళ్లు. పోయిన ఎండాకాలం కడుపునొప్పి అంటే వరంగల్‌లో స్కానింగ్ తీయించాం. నొప్పి గ్యాస్‌దే. కానీ రిపోర్టు అడుగున ఇంగ్లిష్‌లో ఒక లైన్: కుడి కిడ్నీలో సింపుల్ సిస్ట్, 28 మిల్లీమీటర్లు. అదేమిటని అడిగేలోపే కౌంటర్‌లో ఇంకో పేరు పిలిచారు. ఊరు చేరేసరికి ఆ సిస్ట్ గడ్డయింది. రెండు రోజుల్లో ఆ గడ్డ క్యాన్సరైంది.

బాపు టమాట, పాలకూర మానేశాడు. అది రాళ్లున్నోళ్లకు చెప్పే పథ్యం, ఈయనకెవరు అంటగట్టారో! రాత్రిళ్లు లేచి కూర్చుని కుడిపక్క నడుం నొక్కి చూసుకునేవాడు. డయాలసిస్ అంటారేమోనన్న టెన్షన్‌తో ఎకరం అమ్ముదామన్నాడు. నాలుగు వేలు పెట్టి పసరు మందు కూడా తెచ్చుకున్నాడు.

చివరికి యూరాలజీ డాక్టర్ రెండు నిమిషాల్లో తేల్చేశారు: పల్చటి గోడ, లోపల నీళ్లు, అంతే. వయసు మీద పడేకొద్దీ చాలామందికి వస్తుంది, మందు అక్కర్లేదు. అందులో ఏమున్నాయో తెలియని పసర్లు, అదేపనిగా మింగే నొప్పి మాత్రలే కిడ్నీకి అసలు చేటు అన్నారు.

అన్ని సిస్టులూ ఇంతేనని నేననను. పెద్దదైతే నడుం పక్క నొప్పి రావచ్చు, చీము పట్టి జ్వరం రావచ్చు, మూత్రంలో రక్తం పడొచ్చు. అప్పుడు సూదితో నీరు తీస్తారు. ఊరికే తీస్తే మళ్లీ నిండుతుందని లోపల ఆల్కహాల్ ఎక్కిస్తారు, లేదా లాపరోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) చేస్తారు. గోడ మందంగా, లోపల గట్టి భాగంతో కనిపిస్తే అప్పుడే క్యాన్సర్ అనుమానం. 1986 నుంచి డాక్టర్లు వాడుతున్న బోస్నియాక్ గ్రేడ్లు దీన్ని తేల్చడానికే. వంశపారంపర్యంగా వచ్చి, రెండు కిడ్నీల నిండా సిస్టులు పెరిగే పాలిసిస్టిక్ జబ్బు వేరు. ఊళ్లో ఈ రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు.

నేను కొత్త పథకం అడగడం లేదు. వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి మొదలు ఏరియా ఆసుపత్రుల దాకా స్కానింగ్ గదుల్లో ఒక రబ్బరు స్టాంపు పెట్టించండి: ‘ఇది మామూలు నీటితిత్తి. క్యాన్సర్ కాదు. నొప్పి, జ్వరం, మూత్రంలో రక్తం ఉంటేనే డాక్టర్‌ను కలవండి.’ సింపుల్ సిస్ట్ అని డాక్టర్ తేల్చిన రిపోర్టు మీదే వేయాలి. ప్రైవేటు సెంటర్లకూ ఇదే చెప్పండి.

పసరు సీసా ఇంకా మా గూట్లోనే ఉంది. నాలుగు వేలు పోసి కొన్నదని బాపు పారేయనివ్వడం లేదు.

ఇట్లు,
నర్సంపేట ప్రాంత రైతు కొడుకు