ముందు ఇన్‌పుట్ కొలవండి

సంపాదకులకు నమస్కారం.

నేను కళ్యాణదుర్గంలో 22 ఏళ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. పోయిన నెల మా పక్క వీధి పిండి మిషన్ ఆయన వచ్చి, "కరెంటు తినకుండానే 3 కిలోవాట్లు ఇచ్చే జనరేటర్ అంటన్నా, చూద్దాం రా" అంటే ఒక ఫంక్షన్ హాలుకు వెళ్లాను. మోటారు, పెద్ద ఫ్లైవీల్ (బరువైన చక్రం), కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బిగించి పెట్టారు. అటువైపు బల్బులు వరుసగా వెలిగేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్లు మాత్రం ఇటువైపు, మోటారుకు కరెంటు వచ్చే కేబుల్ మీదే ఉన్నాయి. టాంగ్ టెస్టర్‌ను (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) ఫేజు, న్యూట్రల్ రెండు వైర్లకూ కలిపి వేశారు! ఒక్క వైరుకే వేయమని అడిగితే, "అది మా సీక్రెట్, ముట్టుకోవద్దు" అన్నారు.

పిండి మిషన్ ఆయన అప్పటికే 40 వేలు అడ్వాన్స్ కట్టేశాడు. మరుసటి రోజు షాపులో 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టి ఆయనకు చూపించాను. ఒక్క వైరుకు టెస్టర్ వేస్తే 4 ఆంపియర్ల పైనే చూపింది. రెండు వైర్లూ కలిపి వేస్తే సున్నా. పోయే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పెట్టె మాత్రం కాలుతూనే ఉంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చదువుకున్నవాళ్ల పరీక్షల్లోనూ ఈ గొడవ వచ్చింది. ఇటలీలో ఆండ్రియా రోసీ 2011లో 'ఈ-క్యాట్' అనే యంత్రం చూపించారు. పెట్టిన కరెంటుకు ఎన్నో రెట్ల వేడి వస్తోందని 2013లో ఇటలీ, స్వీడన్ శాస్త్రవేత్తలు రిపోర్టు ఇచ్చారు. దాన్ని నమ్మనివాళ్లు ముందుగా పట్టుకున్నది ఇన్‌పుట్ వైర్లనే. అక్కడ వాడిన క్లాంపులు (టాంగ్ టెస్టర్ లాంటివే) ఏసీని మాత్రమే పట్టుకుంటాయి, అదే వైరులో డీసీ వస్తే ఎలా తెలుస్తుందని అడిగారు. సరైన ప్రశ్నే.

అసలు ఆంపియర్లు చూసి పవర్ చెప్పకూడదు. 230 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లంటే పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా ఖర్చయ్యే భాగం) 1 అయితే 1,150 వాట్లు, 0.5 అయితే 575 వాట్లే. ఇక ఫ్లైవీల్ ముందే తిరిగి ఉంటే కాసేపు బల్బులు వెలగడం వింతేమీ కాదు. సీలు వేసిన యూనిట్ మీటరు గోడ ప్లగ్గు దగ్గరే పెట్టి, వేరే దారిలో ఏ వైరూ రాకుండా చూసి, మిషన్ ఆగి ఉన్నప్పటి నుంచి గంటల తరబడి నడిపి రీడింగ్ రాయాలి. మీటరు తెచ్చేది మిషన్ అమ్మేవాళ్లు కాకూడదు.

మీ విలేకరులు ఇలాంటి మిషన్ గురించి రాసేముందు ఇన్‌పుట్ ఎవరు కొలిచారో, దేనితో కొలిచారో అడిగి ఆ జవాబు కూడా అచ్చు వేయండి. అనంతపురం జిల్లాలో ఎక్కడికి పిలిచినా నా మీటరు తీసుకుని సొంత ఖర్చుతో వస్తాను.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
కళ్యాణదుర్గం